చెత్తబండి వచ్చేలోపు

సాయంత్రం వెలుతురు తగ్గుతుండగా చూన్-తావ్ కుట్టుమిషను చక్రం మీద అరచెయ్యి ఆనించి ఆపుతుంది. తొక్కుడు మీది పాదాలు ఎత్తదు. తల కొంచెం ఎడమకు వంచి వింటుంది. వినిపించేది ఎదురింటి పిల్ల నేర్చుకుంటున్న పియానో అయితే చెయ్యి తీసేస్తుంది, సూది మళ్ళీ కదులుతుంది. చెత్తబండి పాట అయితే దారం తెంపుతుంది. దీపం ఆర్పుతుంది. సంచి మూతి బిగించి, ఇంకో చేత్తో ఎంగిలి బకెట్టు పట్టుకుని సందు మొగకు బయలుదేరుతుంది.

తొందరేమీ లేదు. బండి ఆ పాట మోగించుకుంటూ ముందు కాలువ అవతలి సందులన్నీ తిరుగుతుంది. తర్వాత మందుల షాపు, తర్వాత బడి గోడ, ఆ తర్వాతే ఈ సందు. చెత్త నేలను తాకకూడదని తైనాన్ నగరంలో కట్టడి. ఎవరి సంచి వారే చేతపట్టుకుని నిలబడాలి, బండి వచ్చాక వారే విసరాలి. బుధవారం, ఆదివారం బండి రాదు. తప్పిపోతే ఆ చెత్తతోనే కాపురం.

బడి పిల్లల చొక్కాల మీద, జేబుకు పైన, పేరూ నంబరూ కుట్టడం చూన్-తావ్ పని. తల్లి చేసిన పనే. మిషను కూడా తల్లిదే. బడులు తెరిచే ముందు గది నిండా చొక్కాలు వేలాడతాయి, ఆ పైన పని సన్నగా సాగుతుంది. పిల్లల తల్లులు వచ్చి, "మీ ఫోన్ నంబరు చెప్పండి అత్తా, పేరు మెసేజ్ పెడతాం" అంటారు.

"ఫోను లేదు."

"ఇంట్లో మరిచిపోయారా?"

"ఇంట్లోనూ లేదు. చొక్కా ఇక్కడ పెట్టి పేరు నోటితో చెప్పు. నీ బిడ్డ పేరు నీకు తెలుసుగా?"

ఫోను ముట్టనని ఆమె ఒట్టు పెట్టుకున్నదేమీ లేదు. రెండు చేతులూ బట్ట మీద, రెండు కాళ్ళూ తొక్కుడు మీద ఉండే మనిషికి అది పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి, అంతే. గోడకు తీగ ఉన్న ఫోను ఒకటి చాలాకాలం ఉండేది. చివరి రోజుల్లో దానికి దొంగలు తప్ప ఎవరూ చేసేవారు కాదు. ఒకసారి ఒక కుర్రవాడు వెక్కి వెక్కి ఏడుస్తూ, "అమ్మా, నేను, నీ కొడుకుని, నన్ను పట్టుకుని కొడుతున్నారు, వీళ్ళు అడిగింది పంపించు" అన్నాడు.

"నాకు కొడుకు లేడు నాయనా," అంది చూన్-తావ్. "అయినా అంత ఏడుస్తున్నావు. అన్నం తిన్నావా?"

అవతలివాడి ఏడుపు ఆగిపోయింది. తర్వాత పెట్టేశాడు. ఆ వారమే ఆమె ఆ తీగ తీయించేసింది. మేకు ఇంకా గోడకు ఉంది. దానికి కొలత టేపు వేలాడుతుంది.

ఆమెకు పిల్లలు లేరు. తండ్రికి మగసంతానం లేకపోవడంతో పెద్దకూతురైన ఆమెకు ఇల్లరికపు సంబంధం చేశారు. ఆ భర్త పోయాడు. పూర్వీకుల పేర్లు చెక్కిన ఫలకం, తల్లి పేరుతో సహా, ఆమె ఇంట్లోనే ముందు గదిలో ఉంది. చెల్లెలు సూ-యున్‌ను ఇచ్చింది ఆ సందు చివరింటికే. సూ-యున్ భర్తకు ఊరి బయట పాలబొంత చేపల చెరువులు ఉన్నాయి.

అక్కాచెల్లెళ్ళకు మాటలు లేవు. తల్లి చనిపోయిన రోజున పెద్దది ఆమెకు ఊదారంగు చొక్కా వేసింది. తల్లి తనతో నీలం చొక్కా వేయమని చెప్పిందని చిన్నది అంది. తనతో ఊదా అని చెప్పిందని పెద్దది అంది. ఏడుపుల మధ్య ఆ మాట పెరిగి, శవపెట్టె మూసేటప్పటికి ఒకరి మొహం ఒకరు చూసుకోని స్థితికి వచ్చింది. తర్వాత ఏ ఒక్కరూ రెండోవారి గడపకు మాట్లాడడానికని వెళ్ళలేదు.

అయితే చెత్త అందరింట్లోనూ పుడుతుంది. మూసేసిన సైకిలు షాపు చూరు కింద ఇద్దరూ రోజూ సంచులతో నిలబడేవారు. మధ్యలో ఇనప సామాన్ల కొట్టు వారి కోడలు. ఆమెను అక్కడంతా వెంగ్ వదిన అంటారు. ఆమె లేకుండా ఆ ఇద్దరి మధ్య ఒక్క మాటా నడిచేది కాదు.

"వదినా, ఆవిడకు చెప్పు," అనేది సూ-యున్, అక్క మూరెడు దూరంలో ఉండగానే. "పొయ్యి మీద కూర పెట్టి మిషను ముందు కూర్చుంటే ఎలా? నిన్న సందంతా మాడు వాసన."

వెంగ్ వదిన ఇటు తిరిగేది. "విన్నావుగా అక్కా."

"నా చెవులకేం రోగం లేదు. ఆవిడకు చెప్పు. అది మాడు వాసన కాదు. చేప ముళ్ళను ఫ్రిజ్‌లో దాచుకునేవాళ్ళ ఇంటి వాసన."

"దాచక? ఆదివారం బండి రాకపోతే ముళ్ళు కుళ్ళిపోవూ? మాది పెద్ద ఫ్రిజ్. గడ్డకట్టించి పెడతాం."

"చెత్తకు చలి వేస్తుందేమో, దుప్పటి కూడా కప్పమను."

"కప్పుతాంలే. ఆవిడ వంటింట్లో ఈగలు ఉంటాయిగా, వాటికి పేర్లూ నంబర్లూ కుట్టడం అయిందా అని అడుగు వదినా."

వెంగ్ వదిన నవ్వు ఆపుకోలేక సంచి ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకునేది. బండి వచ్చేది. సంచులు విసిరి ఎవరిళ్ళకు వారు వెళ్ళేవారు.

తొమ్మిదో నెలలో తల్లి తిథి. దానికి రెండు రోజుల ముందు చూన్-తావ్ ఆ చూరు కింద, ఎవరి వైపూ చూడకుండా, ఒకే మాట అనేది. "ఎల్లుండి అమ్మ తిథి. పాలబొంత వండుతాను. రావాలనుకున్నవాళ్ళు వస్తారు."

సూ-యున్ వెంగ్ వదినతో, "ఎల్లుండి నాకు తీరికుందో లేదో" అనేది. వస్తానని దాని అర్థం. వచ్చేది. అగరొత్తులు పట్టుకుని తల్లికి మొక్కి, అక్క వండింది తిని, గిన్నెలు కడిగి, వెనక తలుపున వెళ్ళిపోయేది. ఒక ఏడు చూన్-తావ్ జ్వరంతో పడుకుని సందు మొగకు రాలేకపోయింది. ఆ మాట అనలేదు. సూ-యున్ రాలేదు. చూన్-తావ్ ఒక్కతే మొక్కుకుంది, ఒక్కతే తిన్నది. సగం చేప మర్నాడు పారేసింది. పిలిస్తేనే వస్తుంది, పిలుపు కూడా అలాగే ఉండాలి. ఎవరూ పెట్టని షరతు అది, ఇద్దరికీ తెలుసు.

ఈ ఏడు వసంతంలో చూరు కింద జనం తగ్గారు. మొదట చూన్-తావ్‌కు అర్థం కాలేదు. బండి పాట దూరంగా వినిపించగానే వచ్చి నిలబడేది. ఎవరూ ఉండేవారు కాదు. సైకిలు షాపు మూసేసిన తియూ తాత కూడా లేడు. బండి మలుపు తిరిగే క్షణానికి తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకునేవి. చెప్పులు టపటపలాడేవి. సంచులు గాల్లో లేచేవి. బండి కదిలేసరికి సందు మళ్ళీ ఖాళీ.

వెంగ్ వదిన ఫోను చూపించింది. పటం మీద ఒక పసుపు చుక్క పాకుతోంది.

"ఇదే బండి. ఇప్పుడు మందుల షాపు దగ్గరుంది. ఇక్కడికి రావడానికి ఇంకెంతసేపో కూడా ఇదే చెబుతుంది. నువ్వూ ఒకటి కొను అక్కా, ఊరికే నిలబడే పని తప్పుతుంది."

"మందుల షాపు దగ్గరుంటే నాకూ వినిపిస్తోంది."

"వినిపిస్తుందిలే. కాళ్ళు లాగవూ?"

"పొద్దంతా కూర్చునే ఉంటాగా."

సూ-యున్‌కు ఆమె కొడుకు ఫోను కొనిచ్చాడు. ఆమె కూడా చుక్కను చూసే వస్తోంది. సంచి విసరడం, తిరగడం, అంతే. చూన్-తావ్ ఒక్కతే రోజూ చూరు కింద నిలబడేది. తియూ తాత పెంచే పిల్లి వచ్చి బకెట్టు వాసన చూసి వెళ్ళేది.

ఇలాగే తొమ్మిదో నెల వచ్చింది. గురువారం తిథి. బుధవారం బండి లేదు. అంటే ఆ మాట అనడానికి మంగళవారం ఒక్కటే మిగిలింది.

ఆ రోజు చూన్-తావ్ పాట వినిపించకముందే చక్రం ఆపి బయలుదేరింది. వీధి దీపం వెలిగింది. ఎవరూ రాలేదు. బడి గోడ దగ్గర పాట వినిపించాక తలుపులు తెరుచుకున్నాయి. సూ-యున్ వచ్చింది, చేతిలో రెండు సంచులు. వెంగ్ వదిన బండికి అవతలి పక్క ఉంది. చూన్-తావ్ బండి చుట్టూ తిరిగి ఆమె దగ్గరకు వెళ్ళి, గొంతు పెంచి అంది. "ఎల్లుండి అమ్మ తిథి. పాలబొంత వండుతాను. రావాలనుకున్నవాళ్ళు వస్తారు."

బండి చెత్తను నమిలే చప్పుడు. వెంగ్ వదిన చెవిలోంచి ఏదో తీసి, "ఏంటక్కా?" అంది. చూన్-తావ్ మళ్ళీ అనే లోపు సూ-యున్ ఇల్లు చేరింది. తలుపు పడింది.

"తిథి సంగతా?" అంది వెంగ్ వదిన. "అయ్యో, దానికేం, ఇప్పుడే మెసేజ్ పెట్టేస్తా."

చూన్-తావ్ ఖాళీ బకెట్టు ఇంకో చేతికి మార్చుకుంది. "ఏమని పెడతావు?"

"సూ-యున్, మీ అక్క రమ్మంటోంది అని."

"అలా వద్దు. నేనన్నది అన్నట్టే పెట్టు. పేరు పెట్టకు."

"సరే, నువ్వన్నట్టే." వెంగ్ వదిన ఒక చేత్తో బకెట్టు పట్టుకుని ఇంకో చేతి బొటనవేలితో నొక్కింది. "అయిపోయింది. చూశావా, ఎంతసేపు?"

గురువారం పొద్దున చూన్-తావ్ ఒక పాలబొంత, ఒక కోడి, కాకరకాయలు, బియ్యపు సారా కొంది. మధ్యాహ్నమంతా వండింది. సాయంత్రం ఫలకం ముందు బల్ల మీద అన్నీ సర్ది, కుర్చీలో కూర్చుని వెనక తలుపు వైపు చూసింది.

తెరుచుకున్నది ముందు తలుపు. తియూ తాత, చేతిలో పంపర పనసలు.

"నువ్వు ఫోనులో పిలిచావంటే రాకుండా ఉంటానా అమ్మాయీ," అన్నాడు. "నమ్మలేక రెండుసార్లు చదివాను. పేరు లేకపోయినా, ఏటా చూరు కింద నువ్వనే మాటేగా."

ఆయన వెనక మందుల షాపు దంపతులు. వారి వెనక పియానో నేర్చుకునే పిల్ల, దాని తల్లి. తర్వాత ఇంకా, ఇంకా. ఒకరింటి తిథికి ఇంకొకరు వెళ్ళడం ఆ సందులో అలవాటు కాదు. అయినా వచ్చారు, చేతుల్లో పళ్ళతో, బిస్కట్లతో. చూన్-తావ్ ఒక్క చేప వైపు చూసింది. చివర వచ్చిన వెంగ్ వదిన గది నిండా ఉన్న జనాన్ని చూసి, ఫోను తీసి చూసి, నుదురు కొట్టుకుంది.

"అక్కా, కొంప మునిగింది. సూ-యున్‌కు పెట్టాననుకున్నా. సందు గ్రూపులో పడింది."

రావాలనుకున్నవాళ్ళు వస్తారు అని అందులో ఉంది. వారు వచ్చారు. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"ఆవిడ చూసిందా?" అంది చూన్-తావ్.

"చూసినట్టే ఉంది. ఏమీ రాయలేదు."

చూన్-తావ్ వంటింట్లోకి వెళ్ళి నిలబడింది. అందరినీ పిలిచిన పిలుపులో చెల్లెలికి పిలుపు లేదు. ఆమె స్థానంలో తానున్నా వచ్చేది కాదు. బియ్యం ఇంకా ఎన్ని ఉన్నాయో చూద్దామని డబ్బా మూత తీసింది.

వెనక తలుపు కీచుమంది. సూ-యున్ మోకాలితో తలుపు నెట్టుకుంటూ వచ్చింది. చేతుల్లో పెద్ద బాండీ నిండా వేయించిన బియ్యపు సేమియా, దాని మీద తడి సంచిలో చెరువు నుంచి తెచ్చిన పాలబొంతలు. బాండీ దింపి, వెంగ్ వదిన కోసం చుట్టూ చూసింది. ఆమె ముందు గదిలో జనానికి కుర్చీలు వేస్తోంది. సూ-యున్ వంటింటి గుమ్మంలోంచి కనిపిస్తున్న ఫలకం వైపు తిరిగింది.

"అమ్మా, ఒక్క చేపతో సందునంతా భోజనానికి పిలిచేవాళ్ళను ఎక్కడైనా చూశావా?"

చూన్-తావ్ కూడా ఫలకం వైపే చూసింది. "అమ్మా, పిలిచింది నేను కాదని చెప్పు."

"మరెవరట?"

వెంగ్ వదిన గుమ్మంలోకి వచ్చింది. "అది నేనే, నా వేలు జారి..."

"నువ్వూరుకో," అన్నారు ఇద్దరూ.

చేపలు కడిగారు. ఒకరు పొలుసు తీస్తే ఒకరు అల్లం తరిగారు. మూకుడు వేడెక్కింది.

"అమ్మా, ఈ ఇంట్లో ఉప్పు ఎక్కడ దాస్తారు?"

"అమ్మా, నువ్వు పెట్టిన చోటే ఉంది."

సూ-యున్ చెయ్యి చాచి, కిటికీ పక్క అరలోంచి ఉప్పు తీసుకుంది.

వడ్డించినవన్నీ తల్లి ముందు పెట్టారు. అగరొత్తులు సగం కాలాయి. తల్లి తినడం అయ్యాకే మిగతావారు తినాలి. అయిందో లేదో రెండు నాణేలు వేసి అడగాలి. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే అయినట్టు. రెండూ బొరుసులైతే ఇంకా కాలేదు. రెండూ బొమ్మలైతే నవ్వుతోందని అర్థం.

చూన్-తావ్ వేసింది. రెండూ బొమ్మలు. కాసేపాగి మళ్ళీ వేసింది. మళ్ళీ బొమ్మలే.

"మీ అమ్మ తింటోందా, మా ఆకలి చూసి నవ్వుతోందా?" అన్నాడు తియూ తాత.

"నవ్వదూ?" అంది సూ-యున్ గోడతో. "ఒక రంగు చెబితే ఇంకో రంగు వేసి పంపిస్తే?"

"అమ్మా, ఊదా అని నాతో అనలేదా నువ్వు?"

"అమ్మా, నీలం అని నాతో అనలేదా?"

"నాతో ఆకుపచ్చ అంది," అంది వెంగ్ వదిన.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఎప్పుడు?"

"ఆసుపత్రిలో. మీరిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు. ఆకుపచ్చదైతే చేతులు వదులుగా ఉంటాయి అంది."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఇన్నేళ్ళూ నాచేత అన్నీ చెప్పించుకున్నారు గానీ, నన్నెవరడిగారు?"

చూన్-తావ్ నేల మీది నాణేలు ఏరింది. వాటిని సూ-యున్ అరచేతిలో పెట్టింది. సూ-యున్ వేసింది. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు.

తిన్నారు. కుర్చీలు చాలక కొందరు చొక్కాల కింద నేల మీద కూర్చున్నారు. తియూ తాత చేప తలకాయ తనకే కావాలని పిల్లలతో పోటీ పడ్డాడు. ఫోన్లు జేబుల్లో, సంచుల్లో ఉన్నాయి. చేతులకు నూనె అంటి ఉంది. మాటలు గట్టిగా సాగుతున్నాయి.

చూన్-తావ్ అరచెయ్యి బల్ల అంచున ఆనించింది. తల ఎడమకు వంచింది. కాలువ అవతల పాట మొదలైంది. గిన్నె అందిస్తున్న సూ-యున్ కూడా ఆగింది. ఇద్దరూ విన్నారు. మందుల షాపు. బడి గోడ. సందు మొగ దగ్గర పాట చాలాసేపు నిలబడి, తర్వాత కదిలి, సన్నబడింది. సూ-యున్ గిన్నె అందించింది. చూన్-తావ్ అందుకుంది.

తియూ తాత ముందుగా ఫోను చూసుకున్నాడు. "బండి! బండి వెళ్ళిపోయింది!" అందరూ లేచారు. ఒకరు వీధిలోకి పరిగెత్తి ఊరికే తిరిగి వచ్చారు.

"అక్కా, నీకు వినిపించలేదా?" అంది వెంగ్ వదిన.

"వినిపించింది."

"మరి చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?" అంది చూన్-తావ్.

జనం నవ్వుకుంటూ, గొణుక్కుంటూ వెళ్ళారు. సూ-యున్ గిన్నెలన్నీ కడిగి బోర్లించి, ఎప్పటిలాగే, ఏమీ అనకుండా వెనక తలుపున వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎండ కాసింది. కోడి ఎముకలు, చేప ముళ్ళు ఉన్న సంచి చుట్టూ అప్పుడే ఈగలు చేరాయి. బండి రావడం సాయంత్రానికి గానీ కాదు. చూన్-తావ్ తన చిన్న ఫ్రిజ్ తెరిచింది. గడ్డకట్టే అర నిండా మంచు పేరుకుని చెయ్యి కూడా దూరలేదు. మూసేసింది. సంచి పట్టుకుని సందు చివరకు నడిచి తలుపు తట్టింది.

నోట్లో బ్రష్షుతో సూ-యున్ తలుపు తీసింది. అక్కను చూసింది. అక్క వెనక ఎవరైనా ఉన్నారేమో చూసింది. ఎవరూ లేరు.

"నీ ఫ్రిజ్‌లో చోటుందా?" అంది చూన్-తావ్.

సూ-యున్ నురగ ఉమ్మి వచ్చింది. "దుప్పటి తెచ్చావా?"

చూన్-తావ్ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళింది. ఫ్రిజ్ తెరిచి, కింద గడ్డకట్టే అరలో ఉన్న ముళ్ళ సంచిని పక్కకు జరిపి, తన సంచి దాని పక్కన పెట్టింది.